నల్లజాతి స్త్రీల సంఘీభావాన్ని నవలలో గుర్తించడం ఎలా?

జాతి వివక్షకు గురైన నల్లజాతి స్త్రీలు ఒకరికొకరు ఎలా అండగా నిలిచారో నవలల్లో వెతికేటప్పుడు చాలామంది ఆవేశపూరితమైన మాటలనూ కన్నీటి ఘట్టాలనూ గుర్తు పెట్టుకుంటారు. ఒక స్త్రీ కోసం మరొక స్త్రీ ఏ పని చేసింది, అందుకు ఏమి పోగొట్టుకుంది అన్నది వెతకాలని నా అభిప్రాయం. 1982లో వెలువడి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందిన, అమెరికా నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ నవల ‘ద కలర్ పర్పుల్’ను తీసుకుని ఆ పద్ధతిని వివరిస్తాను.

ముందుగా ఆ కాలపు చట్టాలను తెలుసుకోవాలి. కథ ఎక్కువగా 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల నాటి, అమెరికా రాష్ట్రమైన జార్జియా పల్లెల్లో నడుస్తుంది. జాతులను వేరుచేసే చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు 1896లోనే సమర్థించింది. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం సైతం నల్లజాతి స్త్రీలలో ఎందరికో జీవనాధారమైన ఇంటిపనినీ వ్యవసాయ కూలినీ మొదట్లో తన పరిధి బయటే ఉంచింది. తన ఇంట్లో పనికి రమ్మని తెల్లజాతి మేయర్ భార్య అడిగినప్పుడు, నవలలోని నల్లజాతి స్త్రీ సోఫియా ఎందుకంత ఖండితంగా నిరాకరించిందో ఈ నేపథ్యం తెలిస్తేనే అర్థమవుతుంది. తనను చెంపదెబ్బ కొట్టిన మేయర్‌ను తిరిగి కొట్టినందుకు పోలీసులు ఆమెను చావగొడతారు, 12 ఏళ్ల శిక్ష పడుతుంది.

ఇలాంటి ఘట్టం రాగానే ముందుకు పరుగెత్తకుండా ఆగి, ఆదుకోవడానికి ఎవరు వచ్చారో, వారికి గతంలో బాధితురాలితో ఎటువంటి సంబంధం ఉండేదో వెనక్కి వెళ్లి చూడాలి. నవల అసలు బలం ఇక్కడే బయటపడుతుంది. సోఫియా భర్త హార్పోతో ఆ తరువాత కలిసి బతుకుతున్న మేరీ ఆగ్నెస్‌ను సోఫియా ఒకప్పుడు పళ్లు రాలేలా కొట్టింది. అదే మేరీ ఆగ్నెస్, జైలు వార్డెన్ తనకు వరుసకు బాబాయి కావడంతో, సోఫియాను జైలు నుంచి తప్పించేందుకు కుటుంబమంతా కలిసి వేసిన పథకం ప్రకారం అతని దగ్గరకు ఒంటరిగా వెళ్తుంది. వార్డెన్ ఆమెపై అత్యాచారం చేస్తాడు. సోఫియా జైలు నుంచి బయటపడుతుంది గాని, తాను కాదన్న ఆ మేయర్ ఇంట్లోనే పనిమనిషిగా చేరవలసి వస్తుంది. ఒక స్త్రీ విడుదలకు మరొక స్త్రీ శరీరం మూల్యమైన ఈ ఘట్టాన్ని త్యాగమని పొగిడి దాటేయకూడదు; వ్యవస్థ వారికి ఎంత ఇరుకైన దారి మాత్రమే మిగిల్చిందో గమనించాలి.

తరువాత, ఆ రుణం ఏ రూపంలో తిరిగి వచ్చిందో వెతకండి. సోఫియా జైల్లో ఉండగా ఆమె పిల్లలను ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరైన ఒడెస్సాతో కలిసి మేరీ ఆగ్నెస్ సాకింది. ఏళ్ల తరువాత పాటలు పాడుకోవడానికి మేరీ ఆగ్నెస్ మెంఫిస్ వెళ్లదలచినప్పుడు, ఆమె బిడ్డను తాను చూసుకుంటానని సోఫియా ముందుకొస్తుంది. పెద్ద మాటలేవీ లేని ఈ సన్నివేశం తొందరగా చదివేవారి కంట పడదు. భార్యను కొట్టమని హార్పోకు సలహా ఇచ్చిన సీలీని (నవల కథానాయిక, హార్పోకు సవతి తల్లి) సోఫియా నిలదీయడం, ఆ తరువాత ఇద్దరూ కూర్చుని చిరిగిన కర్టెన్లతో బొంత కుట్టడం కూడా ఇలాగే చదవాలి: ఇల్లాలిని హింసించే అలవాటు నల్లజాతి కుటుంబంలోనూ ఉందని ఒప్పుకున్నాకే అక్కడ స్నేహం మొదలవుతుంది.

కులాన్ని ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ కథలో చాలా భాగం పరిచితంగా తోస్తుంది. ఆ స్పందన విలువైనదే. కాని కులాన్నీ జాతినీ వెంటనే ఒకటి చేసేస్తే జార్జియాకు మాత్రమే చెందిన వివరాలు జారిపోతాయి కాబట్టి, పోలికలను రెండో పఠనానికి వాయిదా వేయడం మంచిది.

చివరిగా తెల్లజాతి పాత్రల మంచితనాన్ని కూడా పనితోనే కొలవాలి. అయిదేళ్ల తరువాత పిల్లలను చూపిస్తానని తీసుకెళ్లిన మేయర్ భార్య, కారు వెనక్కి నడపడం చేతకాక, సోఫియాకు ఆ పిల్లలతో 15 నిమిషాలే మిగులుస్తుంది. అయినా తాను ఉపకారం చేశాననే అనుకుంటుంది. ఆమె కూతురు ఎలినార్ జేన్ తన బిడ్డను ప్రేమిస్తున్నానని సోఫియా చేత అనిపించుకోవాలని చూసి భంగపడుతుంది. సోఫియా తమ ఇంటికి పనికి ఎందుకు రావలసి వచ్చిందో తెలుసుకున్నాకే, సోఫియా కూతురికి వంట చేసిపెట్టడానికి తానే వస్తుంది. ఈ ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదివితే, జాలి ఎక్కడ ఆగిపోయిందో, తోడు ఎక్కడ మొదలైందో స్పష్టంగా తెలుస్తుంది.