అడ్మిన్ ఫోను స్విచ్చాఫ్ అయితే గ్రూపూ స్విచ్చాఫ్: సేవా గ్రూపుల సమస్యలు, పరిష్కారాలు

తిరుపతి, చిత్తూరు వైపు రక్తదాతల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు నడిపేవాళ్ల కోసం ఇది. చెరువు శుభ్రం చేసే గ్రూపుకైనా, పాత పుస్తకాలు పంచే గ్రూపుకైనా జబ్బులు ఇవే కాబట్టి మందులూ చాలావరకు పనికొస్తాయి.

లక్షణం: గ్రూపులో 800 మంది, రాత్రి 11 గంటలకు పలికేవాళ్లు లేరు

స్విమ్స్ ఆసుపత్రి నుంచో రుయా ఆసుపత్రి నుంచో పేషెంటు తాలూకు మనిషి బి నెగటివ్ అడుగుతాడు. నలుగురు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. పొద్దున 7 గంటలకు అడ్మిన్ లేచి చూసేదాకా పని కదలదు.

కారణం జనం తక్కువై కాదు. దాతల జాబితా ఒక్కరి ఫోనులో ఉంది. పేరుకు అయిదుగురు అడ్మిన్లున్నా తాళంచెవి ఒక్కరి దగ్గరే. మీ గ్రూపు సంగతి తేల్చుకోవాలంటే కాగితం తీసుకుని ఇవి ఎవరి చేతిలో ఉన్నాయో రాయండి: గ్రూపు సృష్టించిన నంబరు, చేరే లింకు, దాతల గూగుల్ షీట్, ఆ షీట్ తాలూకు జీమెయిల్ పాస్‌వర్డ్, ఖర్చుల యూపీఐ, బ్లడ్ బ్యాంకుల్లో మాట్లాడే పరిచయం. ఒకే పేరు మూడుచోట్ల వచ్చిందంటే జబ్బు అక్కడే ఉంది.

పరిష్కారం తాళాలు పంచడం. షీట్‌కు యజమాని కాక ఇంకో ఇద్దరికి మార్చే అనుమతి ఇవ్వండి. ఎవరేం మార్చారో వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది కాబట్టి చెరిపేస్తారేమోనన్న భయం అక్కర్లేదు. ‘లింకు ఉన్నవారందరికీ’ అనే సెట్టింగు మాత్రం వద్దు, అందులో ఉన్నవి జనం ఫోన్ నంబర్లు.

అడ్మిన్లు కనీసం ముగ్గురు ఉండాలి. ముగ్గురూ ఒకే కాలేజీ, ఒకే హాస్టల్ అయితే పరీక్షల నెలలో ముగ్గురూ ఒకేసారి మాయమవుతారు. వాట్సాప్‌లో ఉన్న ఒక్క అడ్మిన్ బయటికి పోతే యాప్ తనంతట తానే ఎవరో ఒకరిని అడ్మిన్ చేస్తుంది, అది నిన్న చేరిన మనిషైనా కావచ్చు. గ్రూపు సృష్టించినవాళ్లను, వాళ్లు గ్రూపులో ఉన్నంతకాలం, మిగతా అడ్మిన్లు తీసేయలేరు. టెలిగ్రామ్‌లో యాజమాన్యం వేరొకరికి రాసిచ్చే వీలుంది. కానీ ఇచ్చేవాళ్లు రెండంచెల పాస్‌వర్డ్ పెట్టుకుని 7 రోజులు దాటి ఉండాలి. వెళ్లిపోయే రోజు సాయంత్రం గుర్తుకొస్తే ఏం లాభం?

ఆ తర్వాత, ఏ పూట ఎవరు పలకాలో చెప్పే వంతుల పట్టిక. వారానికి 7 పగళ్లు, 7 రాత్రులు, మొత్తం 14 వంతులు. ఒక్కొక్కరికి వారానికి ఒకటి చాలు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, గంగజాతర రోజుల్లో సగం మంది వేరే పనుల్లో ఉంటారు, దారులూ కిక్కిరిసి ఉంటాయి. ఆ వారాల పట్టిక నెల ముందే రాసుకోండి.

లక్షణం: కొత్తవాళ్లు చేరతారు, నోరు విప్పరు, నెలలో వెళ్లిపోతారు

వాళ్ల వైపు నుంచి చూడండి. వాట్సాప్‌లో చేరగానే పాత మాటలు సాధారణంగా కనబడవు. అందరూ ‘ఆ పాత ఫార్మాట్‌లో పెట్టండి’ అంటుంటారు, ఆ ఫార్మాట్ ఏదో తెలీదు. ధైర్యం చేసి ఒకరోజు ఏదో ఫార్వర్డ్ చేస్తే ‘రూల్స్ చదువుకోండి’ అని అందరి ముందూ మొట్టికాయ. రూల్స్ చూస్తే 19.

రూల్స్ 5కు కుదించి పిన్ చేయండి. వాట్సాప్‌లో పిన్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే నిలుస్తుంది కాబట్టి ప్రతి నెలా 1వ తేదీన మళ్లీ పెట్టాలి. అడిగే పద్ధతి కూడా అక్కడే ఉండాలి: రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఆసుపత్రి, వార్డు, తోడున్నవాళ్ల నంబరు, తేదీ, టైము. తేదీ లేని మెసేజ్ ఆరు నెలల తర్వాత కూడా ఊళ్లు తిరుగుతుంటుంది, ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయిన పేషెంటు తాలూకు వాళ్లకు ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అందుకే రక్తం దొరకగానే ‘సరిపోయింది’ అని రాసి, అసలు మెసేజ్ తీసేయాలి. కేస్ షీట్ ఫొటోలు అసలే వద్దు.

అసలు మందు పని ఇవ్వడం. చేరిన 24 గంటల్లో ఒకరు పేరు పెట్టి పలకరించాలి, చిన్న పని చేతిలో పెట్టాలి. ‘అన్నా, నిన్న చేరినా, నేనేం చేయాల?’ అన్న పిల్లాడికి ‘చూస్తుండు, తెలుస్తుంది’ అన్నారంటే వాడు మళ్లీ అడగడు. ఇలా చెప్పండి:

‘రా తమ్ముడూ. ఈ అయిదుగురు దాతలకు ఫోన్ చేసి చివరిసారి ఎప్పుడిచ్చినారో కనుక్కోని షీట్‌లో ఎక్కించు. మగోళ్లకు 90 రోజులు, ఆడోళ్లకు 120 రోజులు దాటి ఉండాల. ఆదివారంలోగా చాలు. డౌటొస్తే నాకే ఫోన్ చెయ్.’

పని చిన్నదే గానీ నిజమైనది, దానికి గడువుంది, అడిగేందుకు మనిషున్నాడు. మూడో వారంలో పాతవాళ్ల వంతులో పక్కన కూర్చోబెట్టండి, రెండో నెలలో సొంత వంతు ఇవ్వండి. అడ్మిన్ ముచ్చట ఆ తర్వాతే. తప్పు చేస్తే విడిగా చెప్పి, మెసేజ్‌ను మీరే సరిచేసి పెట్టండి.

లక్షణం: ‘మాకు చెప్పకుండా మీరే తేల్చుకున్నారు’

అడ్మిన్లకు వేరే గ్రూపు ఉంటుంది. మొదట ఫిర్యాదుల కోసం పెట్టింది, మెల్లగా అన్ని నిర్ణయాలూ అక్కడికే చేరతాయి. దాన్ని పేషెంట్ల వివరాలకు, ఫిర్యాదులకు మాత్రమే వాడండి. మిగతావన్నీ పెద్ద గ్రూపులో పెట్టి 72 గంటలు ఆగండి. ఉదాహరణకు తెలుగు వికీపీడియాలో చర్చావేదిక పేరే రచ్చబండ. అక్కడ నిర్వాహకులు ఎవరు కావాలన్నదీ అందరికీ కనబడేలానే తేలుస్తారు. పోల్ పెట్టి ఓట్లు లెక్కపెట్టడం తేలికే, కానీ ఒకే బ్యాచ్ పిల్లలు 30 మంది ఉంటే ఎప్పుడూ వాళ్లదే గెలుపు. వద్దన్నవాళ్లు చెప్పిన కారణానికి జవాబు వచ్చిందా అని చూడండి.

ఎవరినైనా తీసేయాలంటే ఇద్దరు అడ్మిన్లు ఒప్పుకోవాలి, ఆ ఇద్దరిలో గొడవపడ్డవాళ్లు ఉండకూడదు. కారణం షీట్‌లో రాసిపెట్టండి. టెలిగ్రామ్ దాచే అడ్మిన్ పనుల చిట్టా 48 గంటలదే.

లక్షణం: గుడ్ మార్నింగ్‌లు, రాజకీయాలు

‘అడ్మిన్లు మాత్రమే రాయాలి’ అని తాళం వేసేస్తారు. గోల ఆగుతుంది, దాంతోపాటే కొత్తవాళ్లూ ప్రేక్షకులైపోతారు. కబుర్లకు వేరే గ్రూపు పెట్టండి. టెలిగ్రామ్‌లో అయితే స్లో మోడ్ ఉంది, మెసేజ్‌కు మెసేజ్‌కు మధ్య కొన్ని సెకన్ల నుంచి గంటదాకా విరామం పెట్టొచ్చు.

లక్షణం: పాత అడ్మిన్ అలిసిపోయారు, కానీ వదలరు

ఇది అధికారదాహమని అనుకోవద్దు. చాలాసార్లు, వదిలితే ఆగిపోతుందన్న భయమే. పదవికి 6 నెలల గడువు ముందే పెట్టుకుంటే ఎవరూ ఎవరినీ దించినట్టుండదు. అప్పగించాక నెలరోజులు ఆయన గ్రూపులోనే ఉండొచ్చు, ఒక్క షరతు: అడిగిన మెసేజ్‌కు మొదటి 10 నిమిషాలు జవాబివ్వకూడదు. ఆ పది నిమిషాల్లోనే కొత్తవాళ్లు ఫోన్ తీసి షీట్ వెతకడం మొదలుపెడతారు. ప్రమాదం కేసు అయితే మాత్రం ఈ షరతు లేదు, ఎవరు ముందు చూస్తే వాళ్లే ఫోన్ చేయాలి.