సెమినార్ల నోరు మూసుకొని కూసోకుండ్రి: అమెరికాకు కొత్తగా వచ్చిన మన నల్లగొండ, పాలమూరు పిల్లలకు

రూమ్, సిమ్, బ్యాంకు ఖాతా సంగతులు సీనియర్లు ఎవరైనా చెప్తరు. కందిపప్పు ఏ స్టోర్ల దొరుకుతదో మొదటి ఆదివారమే తెలిసిపోతది. పోయిన వారం మా డిపార్ట్‌మెంట్ల ఒకటి చూసిన, అప్పటిసంది మనసు మనసుల లేదు. అందుకే రాస్తున్న.

మునుగోడు దిక్కు పిల్లగాడు. అమెరికా వచ్చి మూడు నెలలైంది. సెమినార్ల వాని వంతు. మా దగ్గర లెక్క 12 నిమిషాలు మాట, 3 నిమిషాలు ప్రశ్నలు. ఇంటికాడ ఎం.ఎస్సీ.ల చేసిన పనే చెప్పిండు: ఊర్ల బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంతున్నది, నల్గొండ టెక్నిక్ (పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి) తోటి శుద్ధి చేస్తే ఎంత తగ్గింది. మాట మంచిగనే సాగింది. అయినంక తోటి విద్యార్థి, కొరియా అమ్మాయి, చెయ్యెత్తింది. "శుద్ధి చేసిన నీళ్లల్ల పటిక నుంచి వచ్చిన అల్యూమినియం కొంత మిగులుతది. అది ఫ్లోరైడ్‌ను పట్టుకుంటే, ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌కు తక్కువ కనపడ్తది. కొలిచేముందు బఫర్ కలిపినవా?" అని అడిగింది.

బఫర్ అంటే అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం. వాడు కలిపిండు. వాని నోట్‌బుక్ నేను చూసిన. నీళ్లెన్నో బఫర్ అంత, సమానంగ పోసిన అని ఒక్క ముక్క చెప్తే అయిపోతుండె. వాడేమో తల అటూఇటూ ఊపి, "యెస్ యెస్, మా గైడ్ సార్ చెక్ చేసిండు" అన్నడు. మన తల ఊపుడు ఇక్కడోళ్లకు అవునో కాదో అర్థం కాదు. సార్ చూసిండనేది ఇక్కడ జవాబు కింద లెక్కకు రాదు. తర్వాత ఇంకో ఇద్దరు మాట్లాడిండ్రు. వీడు నేల చూసుకుంట కూసున్నడు, ఒక్క ప్రశ్న అడగలే. బయటికొచ్చినంక, "అన్నా, అందరి ముంగట నా ఇజ్జత్ తీసింది" అన్నడు.

తమ్మీ, ఆ హాల్ల నీ పని అంత చెవి పెట్టి విన్నది ఆ పిల్ల ఒక్కతే. ఎలక్ట్రోడ్ దాక వచ్చి ఆలోచించింది. ఇజ్జత్ ఇచ్చుడు ఇక్కడ గట్లనే ఉంటది.

నాకు కోపం ఎందుకంటే నేను గూడ గిట్లనే చేసిన. దేవరకొండల డిగ్రీ చదివేటప్పుడు దోస్తు మాట్లాడుతుంటే నిలదీసి అడగడమంటే పగ పెట్టుకున్నట్టే. వైవాల ఎగ్జామినర్ అడుగుతడు, మనం చెప్తం, ఆపైన అందరం చప్పట్లు. ఆ అలవాటు తోటే వచ్చి, మొదటి సెమిస్టర్ల 11 సెమినార్లకు పోయి ఒక్క ప్రశ్న అడగలే. గౌరవంగ ఊకున్న అనుకున్న. మా ప్రొఫెసర్ పిలిచి, "వీటిల నీకు నచ్చినది ఒక్కటి గూడ లేదా?" అని అడిగిండు. నా మౌనం ఆయనకు నిర్లక్ష్యం లెక్క కనపడ్డదని ఆనాడు తెలిసింది.

సరే అని మరుసటి వారం లేచి, "మీ ఫలితం మీద నాకొక డౌట్ ఉన్నది" అని ఇంగ్లీషుల అన్న. మాట్లాడేటాయన మొఖం మారిపోయింది. మనకు డౌట్ అంటే అర్థంకానిది అడుగుడు. వాళ్లకు డౌట్ అంటే నీ మాట నేను నమ్ముతలేను అని. నెల రోజులు నాకెవ్వరూ చెప్పలే. మీరు ఇయ్యాలటి నుంచే ఆ మాట మానేసి క్వశ్చన్ అనుండ్రి.

ఏం అడగాలె అంటరా? పొలం కౌలుకు తీసుకునేటప్పుడు మీ నాయిన ఏమేం అడుగుతడో అట్లాంటియే. ఎన్ని బోర్లు చూసినవు? మే నెలల తెచ్చిన నీళ్లా, వానలు పడ్డంక తెచ్చినయా? ఫ్లోరైడ్‌కు డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, 1.6 ఉన్న బోరునూ 6 ఉన్న బోరునూ "హద్దు దాటినయి" అని ఒకే గంపల వేస్తే ఎట్ల? కాల్షియం కొలిచినవా? కాల్షియం తక్కువున్న నీళ్లల్లనే ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తది కదా. వినేటప్పుడే కాయితం మీద ఒక్క ప్రశ్న రాసుకోండ్రి. లేచి ఆ ఒక్కటే అడిగి కూసోండ్రి. ముందు నిమిషంసేపు పొగడ్తలు వద్దు, మీ థీసిస్ కథ అసలే వద్దు. "ఎందుకు చెయ్యలే" అంటే మనిషిని అన్నట్టుంటది. "ఇట్ల చేస్తే ఏం మారుతుండె" అనుండ్రి.

మిమ్ముల అడిగితే, చెయ్యని పని చేసిన అని మాత్రం చెప్పకుండ్రి. ఒక్క అబద్ధం దొరికితే ఆ 12 నిమిషాలు నీళ్లపాలే. "అది చూడలే, చూస్తే ఇట్ల చూస్త" అంటే చాలు, ఎవ్వరూ ఏమనరు.

ఇంకోటి. నాగపూర్‌ల ఉన్న నీరి (పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లల్ల తయారుచేసిన ఆ పటిక, సున్నం పద్ధతికి మన జిల్లా పేరే పెట్టిండ్రు. నీళ్ల ల్యాబ్ల పనిచేసేటోళ్లకు నల్గొండ అనే మాట కొత్తగాదు. మ్యాపు పెట్టి మూడు నిమిషాలు ఊరు పరిచయం చేసుడు వద్దు, బోరు కాడికి పోండ్రి.

భయపెడ్తున్న అనుకునేరు. వస్తది. నాకు రెండు సెమిస్టర్లు పట్టింది, మీకు అంత పట్టకపోవచ్చు. యాసను ఎవ్వరూ పట్టించుకోరు. మెల్లగ మాట్లాడితే అర్థమైతది, కాకుంటే మళ్లొకసారి అడుగుతరు, అంతే.

ఆ పిల్లగానితోటి ఆమెకు మెయిల్ రాయించిన, బఫర్ లెక్కతో సహా. అరగంటల జవాబొచ్చింది, రీడింగులన్నీ పంపమని. ఈ శుక్రవారం ఆమె వంతు. వాడు ఆమె పాత పోస్టర్ ముంగటేసుకొని రెండు ప్రశ్నలు రాసిండు. ఒకటి కొట్టేయించిన. రెండోది మంచిగున్నది.