విమానం ఎక్కేలోపే విదేశంలో అద్దె ఇల్లు ఎలా చూసుకోవాలి?

భీమవరంలోనో అమలాపురంలోనో ఇల్లు కావాలంటే టులెట్ బోర్డు చూసి గేటు తడితే చాలు. ఓనరు గారు “మీదే ఊరు, ఎవరి తాలూకు?” అని అడుగుతారు. ఆయనకు తెలిసిన పేరు ఒకటి మన నోట వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే. లండన్‌లోనో బెర్లిన్‌లోనో ఇల్లు వెతికేటప్పుడు మాత్రం ఈ అలవాటు కాస్త పక్కన పెట్టాలి. అక్కడ అద్దె వ్యవహారం మొత్తం కాగితం మీద నడుస్తుంది. తెలిసినవాళ్ల సాయం తప్పకుండా తీసుకోండి, కానీ వెళ్లి ఇల్లు చూసి రమ్మనడానికి. “మనవాడే కదా” అని కాగితం అడగడం మానేస్తే ఇబ్బంది మొదలైనట్టే.

ఎన్నాళ్లకు కావాలో ముందు తేల్చుకోండి

పాలకొల్లులో కూర్చుని, చూడని ఇంటికి ఏడాది అగ్రిమెంటు మీద సంతకం పెట్టడం నాకైతే నచ్చదు. దిగాక మొదటి మూడు నాలుగు వారాలకు సరిపడా గది ఇక్కడి నుంచి ఖాయం చేసుకుని, అసలు ఇల్లు అక్కడ తిరిగి చూసుకోవడం మేలు. చదువుకోవడానికి వెళ్లేవారు ఆఫర్ ఖాయమైన వెంటనే యూనివర్సిటీ హాస్టల్‌కు అప్లై చేయాలి. వీసా వచ్చాక చూద్దాంలే అనుకుంటే గదులు మిగలకపోవచ్చు. ఉద్యోగానికి వెళ్లేవారు మొదటి నెల వసతి ఇస్తారా అని కంపెనీ హెచ్‌ఆర్‌ను మొహమాటపడకుండా అడగాలి. కోనసీమ నుంచి గల్ఫ్‌కు కంపెనీ పనుల మీద వెళ్లేవారైతే, గది ఇస్తామన్న మాట కాంట్రాక్టులో రాసి ఉందో లేదో చూసుకోవాలి.

అద్దె అంకె దేనికో అర్థం చేసుకోండి

ఇంగ్లండ్‌లో చాలా ప్రకటనల్లో వారం అద్దె వేస్తారు. మనం దాన్ని నాలుగుతో హెచ్చవేసి సంబరపడతాం. లెక్క అది కాదు: వారం అద్దెను 52తో హెచ్చించి 12తో భాగించాలి. వారానికి 150 పౌండ్లంటే నెలకు 600 కాదు, 650. కరెంటు, గ్యాసు, నీళ్లు, ఇంటర్నెట్ అందులో కలిశాయో లేదో కూడా అడగాలి. ఇంట్లో ఉండేవాళ్లందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్స్ (ఇంట్లో ఉండేవాళ్లు స్థానిక సంస్థకు కట్టే పన్ను) కట్టక్కర్లేదు. ఒక్కరు ఉద్యోగి ఉన్నా బిల్లు వస్తుంది.

జర్మనీలో రెండు అంకెలుంటాయి. కాల్ట్‌మీటె అంటే ఉత్త గోడల అద్దె. వార్మ్‌మీటె అంటే నీళ్లు, హీటింగ్ లాంటి ఖర్చులు కలిపినది. కరెంటు చాలాసార్లు ఇందులోనూ ఉండదు. ఇంకో వింత ఏమిటంటే, అక్కడ చాలా ఇళ్లను వంటగది సామాను లేకుండా అద్దెకిస్తారు. స్టవ్వు, సింకు కూడా పాత అద్దెదారు పట్టుకుపోయి ఉండొచ్చు.

ఫైలు సిద్ధం చేసుకోండి

పాస్‌పోర్టు, వీసా, ఆఫర్ లెటర్ లేదా జాబ్ కాంట్రాక్టు, బ్యాంకు స్టేట్‌మెంట్ స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా పెట్టుకోండి. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మనకు మామూలే. అద్దె కాగితాలన్నింటిలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. అమెరికాలో క్రెడిట్ స్కోరు, ఇంగ్లండ్‌లో అక్కడే నివసించే హామీదారుడు కావాలంటారు. కొత్తగా వెళ్లేవారికి రెండూ ఉండవు. కొన్ని యూనివర్సిటీలు తమ విద్యార్థులకు హామీ ఇస్తాయి, ముందు అక్కడ అడిగి చూడండి.

వెతకడం

ఇంగ్లండ్‌కు రైట్‌మూవ్, స్పేర్‌రూమ్, జర్మనీకి ఇమ్మోస్కౌట్, వేగే-గెజూఖ్ట్, ఐర్లండ్‌కు డాఫ్ట్, అమెరికాకు జిల్లో అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. వీటిలో ఓ వారం ఊరికే చూస్తే ఆ ఊళ్లో ఏ వీధికి ఎంత రేటో తెలుస్తుంది. రేటు తెలిశాక, నమ్మలేనంత చవగ్గా ఉన్న ప్రకటన కనిపిస్తే నమ్మకండి.

ఇక తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు. “హాల్లో ఒక స్పాట్ ఖాళీ” (అంటే కలిసి ఉండే ఇంట్లో ఒకరికి పడుకునే చోటు) అని రోజూ మెసేజీలు వస్తుంటాయి. చవకే, పైగా అన్నం, పప్పు దొరుకుతాయి. కాకపోతే మూడు ప్రశ్నలు అడగండి: అగ్రిమెంటులో నా పేరు ఉంటుందా? ఇలా ఇంకొకరిని పెట్టుకోవడానికి ఓనరు ఒప్పుకున్నారా? మొత్తం ఎంతమంది ఉంటారు? ఇంగ్లండ్‌లో వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు, అంతకు మించి ఒకే ఇంట్లో వంటగది, బాత్రూమ్ పంచుకుంటూ ఉంటే ఓనరుకు లైసెన్సు ఉండాలి. జర్మనీలో ఇల్లు మారిన రెండు వారాల్లో అడ్రసు రిజిస్టర్ చేయించుకోవాలి, దానికి ఇల్లిచ్చినవాళ్లు రాసిచ్చే కాగితం కావాలి. “రిజిస్ట్రేషన్ కుదరదు” అన్న గది ఎంత చవకైనా వద్దు.

వీడియో కాల్‌లో ఇల్లు చూడటం

ముందే తీసిన వీడియో పంపిస్తామంటే ఒప్పుకోవద్దు, అది ఎవరి ఇంటిదైనా కావచ్చు. లైవ్‌లోనే చూపించమనండి. వేసవిలో మనకు రాత్రి 9 గంటలంటే లండన్‌లో సాయంత్రం 4:30, వెలుతురు బాగానే ఉంటుంది.

కాల్ వీధిలోనే మొదలుపెట్టించండి. వీధి పేరున్న బోర్డు, ఇంటి నంబరు, తాళం తీయడం అన్నీ ఒకే వరుసలో కనిపించాలి. గూగుల్ స్ట్రీట్ వ్యూలో అదే అడ్రసు తెరిచి పక్కన పెట్టుకోండి. లోపలికి వెళ్లాక సోఫాలు, కర్టెన్లు చూస్తూ కూర్చోకుండా పనులు చెప్పండి: వేడినీళ్ల కుళాయి తిప్పండి, ఫ్లష్ లాగండి, హీటర్ వేయండి, కిటికీ తెరిచి మూయండి. బాత్రూమ్ పైకప్పు మూలలకు, మంచం వెనక గోడకు కెమెరా దగ్గరగా పెట్టించండి. నల్లటి మచ్చలుంటే అది తేమకు పట్టే బూజు (ఫంగస్). చలిదేశాల్లో పెయింటు వేసినా మళ్లీ మళ్లీ వస్తుంది. వంటగదిలో పొగ లాగే ఫ్యాన్ బయటికి వదులుతుందో లేదో అడగండి. ఎండుచేపల కూర వండే అలవాటున్నవాళ్లకు ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. పొగ అలారం మోగితే బిల్డింగ్ మొత్తం కిందికి దిగాల్సి రావచ్చు! వాస్తు పట్టింపు ఉంటే దిక్సూచి యాప్ పెట్టి చూపించమనొచ్చు గానీ, ఆగ్నేయంలో వంటగది కోసం మంచి ఇల్లు వదులుకోవడం దండగ.

ఆ ఊళ్లో తెలిసినవాళ్లుంటే, వాళ్లనే పంపించి ఈ కాల్ చేయించుకోవడం అన్నిటికన్నా మంచిది.

డబ్బు పంపే ముందు

“నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ వేస్తే తాళం కొరియర్ చేస్తాను” అన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వెతికితే అవే వేరే ఊళ్లో, వేరే పేరుతో బయటపడుతుంటాయి. ఇంగ్లండ్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి, ఇల్లు ఎవరి పేరున ఉందో ల్యాండ్ రిజిస్ట్రీలో చూసుకోవచ్చు.

డిపాజిట్‌కు చట్టం పెట్టిన హద్దు తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్లకు ఐదు వారాల అద్దె, ఇల్లు పట్టి ఉంచడానికి ఇచ్చే టోకెన్ ఒక్క వారం అద్దె దాటకూడదు. డిపాజిట్‌ను ఓనరు 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ స్కీమ్‌లో పెట్టాలి. జర్మనీలో మూడు నెలల కాల్ట్‌మీటె వరకు అడగొచ్చు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఐర్లండ్‌లో ఒక నెల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు అద్దె. కెనడాలోని ఆంటారియోలో ఆఖరి నెల అద్దె ముందే తీసుకోవచ్చు గానీ, ఇల్లు పాడవుతుందేమోనని విడిగా డిపాజిట్ అడగకూడదు. దుబాయ్‌లో సొంతంగా ఫ్లాటు తీసుకుంటే కాంట్రాక్టు ఎజారీలో (అద్దె కాంట్రాక్టులు నమోదు చేసే అక్కడి ప్రభుత్వ వ్యవస్థ) రిజిస్టర్ అవ్వాలి.

అగ్రిమెంటు చేతికొచ్చాక, అందులో ఉన్న పేరూ బ్యాంకు ఖాతా పేరూ ఒకటైతేనే పంపండి. ఇక్కడి బ్యాంకులో పాన్ కార్డు ఇచ్చి, విదేశాలకు డబ్బు పంపడానికి ఉన్న ఏ2 ఫారం నింపి పంపడం సరైన దారి. “మా నాన్నకి రాజోలులో రూపాయలిచ్చెయ్, నేనిక్కడ ఓనరుకు పౌండ్లు కడతాను” అనే సర్దుబాటు మన ప్రాంతంలో మామూలైపోయింది. అది చట్టవిరుద్ధం. పైగా రేపు గొడవొస్తే డిపాజిట్ మీరు కట్టినట్టు రుజువుండదు.

తాళం తీసుకున్న రోజు

పాలు పొంగించడం తర్వాత, ముందు ఫోన్ తీయండి. ప్రతి గదీ, గోడ మీద గీతలు, కార్పెట్ మీద మరకలు, కరెంటు, గ్యాసు మీటర్ల అంకెలు ఫొటో తీసి, ఆ సాయంత్రమే ఓనరుకు ఈమెయిల్ చేయండి. వాట్సాప్‌లో పంపినా సరే, ఈమెయిల్ కూడా పంపండి.