పొట్టేలు మోకాలు కోసి చూస్తే మన మోకాలు తెలుస్తుంది

కీళ్ళ పాఠం బొమ్మ చూసి బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతారు, మోకాలు మాత్రం అర్థం కాదు. అందుకే మా కందుకూరు ఇంటర్ పిల్లల్ని ఆదివారం మటన్ కొట్టుకే పొమ్మంటాను. నెల్లూరు జాతి పొట్టేలు కాళ్ళు పొడుగు, కీలు పెద్దది, పని సులువు.

కొట్టు దగ్గరే జాగ్రత్త పడాలి. వెనక కాలు అడగండి. తొడ ఎముక కింది సగం, కాలి ఎముక పై సగం కలిసుండాలి, మధ్య కీలుకి కత్తి తగలకూడదు. "కొట్టొద్దంటే కూరెట్లా చేస్తారు మేడమ్?" అంటాడు కొట్టతను. చెప్పి ఒప్పించుకోండి. వెనక్కి మడుచుకున్నట్టుండే కీలుని మోకాలనుకుని తెచ్చేవాళ్ళున్నారు. అది మన చీలమండకి సాటి. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట దగ్గరుంటుంది.

గ్లౌజులు, కొత్త బ్లేడు, కత్తెర, స్టీలు పళ్ళెం చాలు.

ముందు పై కండ ఒలిచెయ్యండి. తొడ ముందరి కండరాన్ని మాత్రం ఉంచి, పైకి లాగండి. కాలు చాచుకుంటుంది. మోకాలి చిప్ప ఆ లాగుడికి పట్టు పెంచుతుంది.

ఇప్పుడు చిప్ప పక్కన నిలువుగా, లోతుకి పోకుండా గాటు పెట్టండి. కీలు లోపల జారుడుకి ఉండే సైనోవియల్ ద్రవం కొంచెం వస్తుంది. రెండు వేళ్ళ మధ్య పట్టి విడదీస్తే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. చిప్పని పక్కకి తిప్పితే తొడ ఎముక చివర నీలం కలిసిన తెలుపుతో మెరుస్తుంది. ఊళ్ళో గుజ్జు అనే మృదులాస్థి అదే. బ్లేడుతో పల్చటి పొర చెక్కండి, చుక్క రక్తం రాదు. ఇంకా చెక్కితే ఎర్రటి ఎముక బయటపడుతుంది. మృదులాస్థికి రక్తనాళాల్లేవు, నరాల్లేవు. తిండి ఆ ద్రవంలోంచే అందాలి. అడుగు వేసినప్పుడు ఒత్తిడికి నీరు బయటికి పోతుంది, ఒత్తిడి తగ్గగానే లోపలికొస్తుంది. దెబ్బతింటే మళ్ళీ సరిగా పెరగదు. ఈ మాట 1743లోనే లండన్‌లో విలియం హంటర్ అనే వైద్యుడు రాశాడు. నరాల్లేవు కాబట్టి అరుగుదల మొదట్లో నొప్పీ తెలియదు. పైన రాస్తే గుజ్జు పెరుగుతుందని నూనె అమ్మేవాళ్ళకి నేనైతే పైసా ఇవ్వను.

తర్వాత పక్క లిగమెంట్లు, అంటే ఎముకని ఎముకతో కట్టే పట్టీలు, రెండూ కోసి కాలు బాగా మడవండి. లోపల రెండు లిగమెంట్లు ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి. ముందుదాన్ని తెంపి కాలి ఎముకని ముందుకి లాగితే జారి వచ్చేస్తుంది. కబడ్డీలో కాలు మెలిపడ్డ కుర్రాళ్ళకి తరచుగా తెగేది ఇదే. ఎముకల మధ్య చంద్రవంకల్లా ఉండే మెత్తలు మెనిస్కస్‌లు. బయటివైపు కీలులోంచే పోయే స్నాయువొకటి (కండని ఎముకకి కట్టే తాడు) కనిపిస్తుంది, వేళ్ళని చాచేది. మనిషి మోకాల్లో అది లేదు, రికార్డులో గియ్యొద్దు.

లిగమెంటు ఎముకకి అతుక్కునే చోటు తడిమి చూడండి. మా అత్తగారిది కనిగిరి వైపు, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుండే చోటు. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళకి సున్నం పేరుకునేది ఇలాంటి చోట్లే. నడుము వంగక, మెడ తిరగక బిగుసుకుపోతారు. గుజ్జు అరగడం వేరు, ఇది వేరు. అటువైపు ఎవరికి మోకాలు పట్టేసినా అరిగిపోయిందని తేల్చెయ్యకండి.

అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఎముకలు దాచుకోవాలంటే ఉడకబెట్టాలి. అప్పుడు మృదులాస్థి ఊడిపోతుంది, ఫోటోలు ముందే తీసుకోండి.