పులుపును తియ్యగా మార్చే పండు: వేసవి సెలవుల్లో రుచి చూసే ముందు జాగ్రత్తలు

నర్సరీల్లో మిరాకిల్ ఫ్రూట్ పేరుతో అమ్మే మొక్క పశ్చిమ ఆఫ్రికాది. సపోటాకు చుట్టం. పండు ఎర్రగా, రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. లోపల ఒకే గింజ, దాని చుట్టూ పల్చటి తెల్ల గుజ్జు. పండుకి సొంత రుచి పెద్దగా లేదు. కానీ ఆ గుజ్జు నాలుకంతా పట్టించి నిమ్మచెక్క చప్పరిస్తే షర్బతు తాగినట్టే ఉంటుంది. సెలవులకు పిల్లలు, చుట్టాలు చేరినప్పుడు ఈ సరదా చేయాలనిపిస్తుంది. చేసుకోవచ్చు. ఆరోగ్యవంతులకు పండుతో వచ్చే ముప్పు తక్కువ. దాని తర్వాత ఏం తింటున్నారు, ఎంత తింటున్నారు అన్నదాని మీదే కన్ను వేయాలి.

కారణం తెలిస్తే జాగ్రత్తలు వాటంతటవే అర్థమవుతాయి. గుజ్జులో మిరాక్యులిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. 1968లో దీన్ని విడదీసి గుర్తించారు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలకు ఇది అతుక్కుని ఊరికే కూర్చుంటుంది. నోట్లోకి పులుపు రాగానే గ్రాహకాన్ని కదిలిస్తుంది, మెదడుకు తీపి కబురు వెళ్తుంది. ఈ పట్టు అర గంట నుంచి గంట ఉంటుంది, కొందరికి రెండు గంటలదాకా సాగుతుంది. అంతసేపూ నిమ్మరసంలోని ఆమ్లం ఒక్క చుక్క కూడా తగ్గదు. నాలుక మోసపోతుంది గానీ పళ్లు, గొంతు, కడుపు మోసపోవు. మామూలుగా ఒక చెక్క నిమ్మకాయకే మొహం చిట్లించేవాళ్లు వరసగా నాలుగు కాయలు లాగించేస్తారు. అసలు చిక్కంతా ఇక్కడే.

మారేది పులుపు ఒక్కటే. ఉప్పు, చేదు, వగరు అలాగే ఉంటాయి. కారం రుచి కాదు, మంట. కాబట్టి ఎర్రకారం దోసె ఎప్పటిలాగే మండుతుంది. ఉగాది పచ్చడిలో చింతపండు, మామిడి బెల్లం పక్షాన చేరిపోతాయి, వేపపువ్వు మాత్రం కదలదు. ఉసిరికాయలో పులుపు పోయి వగరు మిగులుతుంది. మలై కాజాలో పులుపే లేదు గనుక తేడా తెలియదు, దాని కోసం పండు దండగ. ఇక నెల్లూరు చేపల పులుసు. చింతపండూ మామిడీ తియ్యగా మారి, పక్కన ఉప్పూ కారం నీచువాసనా నిలబడితే ఎవరికీ ముద్ద దిగదు. దాన్ని ఈ పరీక్షకు పెట్టకపోవడమే మర్యాద.

ముందుగా, ఎవరు దీని జోలికి వెళ్లకూడదో చూద్దాం. యూరోపియన్ యూనియన్ ఈ పండు ఎండు పొడిని 2021లో ఆహారంగా అనుమతించినప్పుడు పెద్దవాళ్లకు రోజుకు 0.7 గ్రాములు మించకూడదని పరిమితి పెట్టింది. గర్భిణులను, పాలిచ్చే తల్లులను మినహాయించింది. మనం కూడా ఆ గీత దాటనక్కర్లేదు. మిరాక్యులిన్ సోయాలోని ట్రిప్సిన్ నిరోధక (ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని అడ్డుకునే) ప్రొటీన్ల కుటుంబానిది. సోయా పడనివాళ్లు మానుకోవడం మంచిది. వేరుశనక్కాయలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్లు కూడా డాక్టరును అడక్కుండా తినొద్దు. నోటిపూత, అల్సర్, ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకు పండు ఏమీ చేయదు, దాని వెనక వచ్చే నిమ్మకాయే చేస్తుంది. గింజ గొంతుకు అడ్డం పడే వయసు పిల్లలకు అసలు ఇవ్వకండి.

తినే పద్ధతి. ముందు నోరు నీళ్లతో పుక్కిలించండి. పండు కడిగి, తొక్క కొరికి, గుజ్జును రెండు మూడు నిమిషాలు నాలుక పైనా అంచులా తిప్పండి. గింజ కొరికితే చేదు, ఊసేయండి. మనిషికి ఒక పండు చాలు, రెండు తింటే రెట్టింపు తీపి రాదు. పండుకు బదులు దాని పొడితో చేసిన బిళ్లలైతే నమలకుండా నాలుక మీద కరగనివ్వాలి, అయిదు నిమిషాలు పట్టొచ్చు. సగం బిళ్లతో మొదలుపెట్టండి. నమిలి గటుక్కున మింగేసి "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. వేడి కాఫీ, పొగలుగక్కే చారు తాగితే పట్టు త్వరగా వదులుతుంది. జామ్‌లోనో హల్వాలోనో కలిపి ఉడికిస్తే ప్రొటీన్ చెడి మామూలు పండైపోతుంది.

పరగడుపున వద్దు, పడుకోబోయే ముందు వద్దు. భోజనమైన గంట తర్వాత సరైన వేళ. పదార్థాలను చెంచాడు చెంచాడు చొప్పున పెట్టుకుని తక్కువ పులుపు నుంచి ఎక్కువకు వెళ్లండి. టమాటా ముక్క, పెరుగు, బత్తాయి తొన, తర్వాత పచ్చిమామిడి, చింతకాయ, చివర్న నిమ్మ. పొదలకూరు నిమ్మకాయలు బుట్టెడు ఇంట్లో ఉన్నాయి కదా అని బుట్ట ముందు పెట్టుకోకూడదు. మనిషికి మొత్తం మీద ఒక్క కాయ అనుకుని ముందే కోసి పంచేయండి. మామిడి రెండు మూడు ముక్కలు. కాయ ముచ్చిక తుంచి, తలకిందులుగా పెట్టి సొన కారిపోయాక కడిగి కోయాలి. పెదవి మీద సొన పడితే పుండు పడుతుంది, తియ్యగా ఉందని తొక్కతో సహా నాకేవాళ్లకు అదే జరుగుతుంది. వెనిగర్ నేరుగా తాగొద్దు. గ్లాసు నీళ్లలో ఒక చెంచా మించకూడదు, దాని ఘాటు గొంతును ఎలాగూ వదలదు. చింతపండు ఎక్కువైతే విరేచనాలు. గోంగూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పచ్చి ఆకు నమిలే సరదా పెట్టుకోకూడదు. స్టార్ ఫ్రూట్ మాత్రం కిడ్నీ జబ్బున్నవాళ్లకు ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. అందులోని విషపదార్థాన్ని దెబ్బతిన్న కిడ్నీలు బయటికి పంపలేవు. ఎక్కిళ్లతో మొదలై మూర్ఛదాకా వెళ్తుంది. ఊరగాయ తియ్యగా అనిపించినా ఉప్పు ఉప్పే, బీపీ ఉన్నవాళ్లు లెక్కలో పెట్టుకోవాలి.

పళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. నోట్లో అది 5.5 కంటే కిందికి దిగితే పంటి మీది ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర దగ్గర ఉంటుంది. ఒకసారి తగిలితే లాలాజలం సరిచేసుకుంటుంది. గంటసేపు చప్పరిస్తూ కూర్చుంటే దానికి ఆ వ్యవధి దొరకదు. నిమ్మచెక్కను ముందుపళ్ల మధ్య పెట్టుకుని పీల్చడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. రసం పిండి, నీళ్లు కలిపి, స్ట్రాతో నాలుక మీదికి పోయేలా తాగండి. ప్రకాశం మెట్ట ప్రాంతాల్లోనూ ఉదయగిరి వైపూ బోరునీటి ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టి, గుంటలు పడినవాళ్లు చాలామంది. అలాంటి పళ్లు, పుచ్చిపళ్లు, చిగురు జారి వేరు బయటపడ్డ పళ్లు ఉన్నవాళ్లకు ఆ సాయంత్రమే జివ్వుమని లాగడం మొదలవుతుంది. వాళ్లు టమాటా, పెరుగు దగ్గరే ఆగడం నయం. అయిపోగానే మామూలు నీళ్లతో రెండుసార్లు పుక్కిలించాలి. వెంటనే బ్రష్ చేయకూడదు. మెత్తబడిన ఎనామిల్‌ను బ్రష్ గీకేస్తుంది. గంట ఆగండి.

కడుపులో మంట, ఛాతీ మంట వస్తే అక్కడితో ఆపి చల్లటి నీళ్లు తాగండి. పెరుగన్నం తింటే చాలామందికి సర్దుకుంటుంది. నొప్పి తగ్గకపోయినా, వాంతిలో నెత్తురు కనిపించినా ఇంట్లో చిట్కాలు కట్టిపెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. కీళ్లనొప్పుల మాత్రలు, ఆస్పిరిన్ రోజూ వేసుకునే పెద్దవాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది.

ఎండాకాలంలో ఎవరూ తలచని ఇంకో ప్రమాదం ఉంది. అన్నం పులిసిందా, సాంబారు చెడిందా, పాలు విరిగాయా అని మనకు ముందు చెప్పేది పులుపే. ఒంగోలు ఎండకు పొద్దున వండిన పప్పు సాయంత్రానికి పులిసిపోతుంది. మిరాక్యులిన్ పట్టులో ఉన్న నాలుకకు ఆ పప్పు బెల్లం వేసినట్టు కమ్మగా ఉంటుంది. అందుకే ఆ రెండు గంటలూ మిగిలిపోయిన కూరలు, పాలు, బయట కొన్న చట్నీలు ముట్టొద్దు. బల్ల మీద పెట్టినవన్నీ అప్పటికప్పుడు కోసినవే కావాలి. పండు తినని మనిషి ఒకరు ఉండి, ప్రతిదీ ముందు రుచి చూసి పంపితే ఇంకా మంచిది. అలాగే, పండు తిన్నవారిని వంటింట్లోకి పంపి "పులుపు సరిపోయిందో లేదో చూడు" అనకండి. చారులో చింతపండు పిండుతూనే ఉంటారు.

విటమిన్ సి చప్పరింపు బిళ్లలు, నీళ్లలో పొంగే మాత్రలు పిల్లలకు చాక్లెట్ల కంటే రుచిగా అనిపిస్తాయి. ముందే పైఅరలో పెట్టి తాళం వేయండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ పండును మందుగా అంటగట్టేవాళ్లున్నారు. పంచదార వేయని నిమ్మనీళ్లు తియ్యగా తాగడానికి ఇది పనికొస్తుంది, ఆమేరకు పంచదార మిగులుతుంది. అంతవరకే. ఇది మాత్రకు బదులు కాదు. పుల్లటి పండైనా అందులో చక్కెర ఉంటుంది. బత్తాయిలు మరింత తీపెక్కాయని అయిదు తింటే అయిదు బత్తాయిల చక్కెరా రక్తంలోకి చేరుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు పనిచేసే ఆకు మన కంచెల్లోనే దొరుకుతుంది, పొడపత్రి. దాన్ని నమిలితే అర గంట, గంటసేపు తీపి తెలియదు, పంచదార నోట్లో ఇసకలా ఉంటుంది. ఇందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపి గ్రాహకాన్ని మూసేస్తాయి. ముందు పొడపత్రి నమిలి తర్వాత ఎర్రపండు తింటే పండు మాయ కూడా పనిచేయదు. రెండూ ఒకేరోజు పోల్చి చూడాలనుకుంటే పండు ముందు, ఆకు తర్వాత పెట్టుకోండి. అయితే షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు పొడపత్రితో ఆటలాడకూడదు. అది రక్తంలో చక్కెరను దించగలదు, మాత్రతో కలిస్తే మరీ కిందికి పోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనబడితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పొడపత్రి నమిలిన మనిషి "ఇందులో పంచదారే లేదు" అని పక్కన పెట్టేస్తాడు. నాలుకకు తెలియకపోయినా ఒంటికి పనిచేస్తుందని చెప్పి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే ఇంకోసారి ఇచ్చి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

కీమోథెరపీ తీసుకునేవాళ్లకు నోట్లో ఇనుము నాకినట్టుండే రుచి ఈ పండుతో కొంత తగ్గిందని చిన్న చిన్న అధ్యయనాల్లో కనిపించింది. ఆశ పెట్టుకోవచ్చు గానీ చికిత్స చేసే డాక్టరు సరే అన్నాకే. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో కడగని పచ్చిపండు, పూసిన నోట్లో నిమ్మరసం రెండూ ప్రమాదమే.

పండు కోసిన రెండు మూడు రోజులకే మెత్తబడిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా ఎక్కువ ఆశించొద్దు. నిలవ ఉంచాలంటే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తీసిన వెంటనే తినేయాలి. బిళ్లలు కొంటే డబ్బా మీద పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, గడువు తేదీ చూడండి. షుగర్ తగ్గిస్తుంది, కొవ్వు కరిగిస్తుంది అని రాసుంటే ఆ డబ్బా అక్కడే వదిలేయండి. మొక్క పెంచాలనుకుంటే దీనికి పుల్లటి నేల కావాలి, పీహెచ్ అయిదు చుట్టుపక్కల. మన బోరునీళ్లు ఉప్పగా, చవుడుగా ఉంటాయి గనుక నేలలో పెడితే ఆకు పసుపెక్కి నిలిచిపోతుంది. కుండీలో కొబ్బరిపొట్టు, ఆకుఎరువు కలిపి వాననీళ్లు పోయాలి. కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది.

"ఎర్రపండు తింటే అన్నీ తియ్యగా అయిపోతాయి" అన్న మాట ఒక్కసారి చెవిన పడితే పిల్లలు కంచెలో కనిపించిన ప్రతి ఎర్రకాయా నోట్లో వేసుకుంటారు. తలంబ్రాల చెట్టు పచ్చికాయలు విషం. గురివింద గింజ కొరికి నమిలితే ప్రాణం మీదికొస్తుంది. పండు చూపించే రోజే ఈ రెండూ చూపించి, పెద్దవాళ్లు చేతికిచ్చింది తప్ప తినకూడదని చెప్పండి. గురివింద నమిలినట్టు అనుమానం వస్తే వాంతులు మొదలయ్యేదాకా చూడొద్దు, ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. మిగిలిన గింజలు పొట్లం కట్టుకుని వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదటి కొన్ని గంటలు పిల్లవాడు మామూలుగా ఆడుకుంటున్నా సరే ఆసుపత్రిలో చూపించాలి.