పార్టీ కూర్పు, మూడవ పాఠం: నాలుగవ ఆటగాడు ఏ క్లాస్ ఎంచుకోవాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కలిసి సాహసానికి వెళ్లే పాత్రల బృందమే పార్టీ, ఒక్కో పాత్ర ఎంచుకునే వృత్తే క్లాస్. గత పాఠంలో పార్టీకి కావలసిన పనులు నాలుగని చెప్పుకున్నాం: ముందు నిలబడి దెబ్బలు కాయడం, గాయాలు మాన్పడం, ముందుగా వెళ్లి దారి చూసి రావడం, మంత్రంతో యుద్ధరంగాన్ని మార్చడం. అభ్యాసానికి వచ్చిన జవాబులు మాత్రం దాదాపు అన్నీ ఒకే మాట చెప్పాయి. ముగ్గురు తమకు నచ్చినవి తీసుకున్నారు, వైద్యం చేసేవారు లేరు, కాబట్టి ఆఖరున వచ్చినవాడు క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి) కావాలి. ఆ ఆటగాడికి క్లెరిక్ ఇష్టమా అని ఒక్క జవాబు కూడా అడగలేదు. అందువల్ల ఈ విడతలో మొదలుపెట్టవలసిన మల్టీక్లాస్ (ఒకే పాత్ర ఒకటికి మించి క్లాస్‌లు తీసుకోవడం) విషయాన్ని పక్కన పెట్టి, ముందు ఈ చిక్కును విప్పుకుందాం.

పని వేరు, క్లాస్ వేరు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలిసారి వచ్చినప్పుడు యోధుడు, మంత్రగాడు, క్లెరిక్ అనే మూడు క్లాస్‌లే ఉండేవి. దొంగ ఆ మరుసటి ఏడాది వచ్చి చేరాడు. అప్పట్లో ఒక్కో పనికి ఒక్కో క్లాస్ అన్న లెక్క సరిపోయేది. 2014 నాటి ఐదవ ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో పన్నెండు క్లాస్‌లున్నాయి, పనులు వాటన్నిటిలోకీ పంచుకుపోయాయి. పాటతో మంత్రాలు వేసే బార్డ్, ప్రకృతి శక్తిని వాడే డ్రూయిడ్ ఇద్దరికీ మొదటి లెవెల్ (పాత్ర అనుభవపు మెట్టు) నుంచే గాయాలు మాన్పే మంత్రాలున్నాయి. ప్రతిజ్ఞ పూనిన యోధుడైన పాలడిన్ చేతిస్పర్శతో లెవెల్‌కు ఐదు చొప్పున హిట్ పాయింట్లు (ప్రాణబలాన్ని కొలిచే అంకెలు) ఇవ్వగలడు. అడవుల్లో వేటాడే రేంజర్‌కు రెండవ లెవెల్ నుంచి ఆ వీలుంది. తాళాలు తీయడానికి రోగ్ (పాత దొంగ క్లాస్‌కు నేటి పేరు) ఉండి తీరాలన్నదీ ఇలాంటి అపోహే. క్రిమినల్ నేపథ్యం తీసుకున్న ఏ పాత్రకైనా దొంగల పనిముట్లలో ప్రావీణ్యం వస్తుంది.

ఇక అసలు ఉచ్చు దగ్గరికి వద్దాం. పోరాటం మధ్యలో గాయాలు మాన్పుతూ కూర్చునే ఆటగాడు పార్టీని కాపాడుతున్నాడన్న నమ్మకం ఎంత బలంగా ఉందంటే, లెక్క వేసి చూపిస్తే తప్ప అది వదలదు. మొదటి లెవెల్ క్లెరిక్‌ను తీసుకోండి, విజ్డమ్ (వివేకం, గమనింపు కొలిచే స్కోరు) 16 అనుకోండి, అంటే పాచికకు అదనంగా మూడు. క్యూర్ వూండ్స్ మంత్రానికి ఎనిమిది ముఖాల పాచిక ఒకటి, దానికి మూడు కలిపితే సగటున ఏడున్నర. ఎదురుగా ఉన్న ఓగర్ అనే రాక్షసుడి గద దెబ్బ తగిలితే సగటున పదమూడు. క్లెరిక్ తన వంతు మొత్తం ఖర్చు పెట్టి, ఉన్న రెండు స్పెల్ స్లాట్లలో (మంత్రం వేసే అవకాశాల్లో) ఒకటి పోగొట్టుకుని, ఒక్క దెబ్బలో సగానికి కాస్త పైన మాత్రమే వెనక్కి తెచ్చాడు. 2024 నియమాల్లో ఈ మంత్రానికి పాచికలు రెండయ్యాయి, సగటు పన్నెండుకు చేరింది. అయినా పదమూడును దాటలేదు. అదే వంతులో బ్లెస్ మంత్రం వేస్తే, ఏకాగ్రత చెదరనంత కాలం, ముగ్గురు సహచరుల ప్రతి దాడికీ నాలుగు ముఖాల పాచిక ఒకటి తోడవుతుంది, ఓగర్ త్వరగా పడిపోతుంది. పడిపోయిన ఓగర్ కొట్టలేదు కదా.

మరి వైద్యం పనికిరానిదా? కాదు, దానికి సమయం ఉంది. ఫైటర్ (యోధుడు) హిట్ పాయింట్లు సున్నాకు పడిపోయాయి, స్పృహ లేదు. ఇప్పుడు వంతుల వరుస చూడండి. ఓగర్ తరువాత క్లెరిక్, ఆ తరువాత ఫైటర్ అని ఉంటే, క్లెరిక్ అరవై అడుగుల దూరం నుంచి బోనస్ యాక్షన్‌తో (వంతులో అదనంగా దొరికే చిన్న చర్యతో) హీలింగ్ వర్డ్ అనే వైద్య మంత్రం వేసి, మిగిలిన యాక్షన్‌తో తన గదతో కొట్టవచ్చు లేదా ఒక క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చు కాని చిన్న మంత్రం) వేయవచ్చు. 2014 నియమాల్లో ఫైటర్‌కు వచ్చేవి సగటున ఐదారు హిట్ పాయింట్లే, కానీ వెంటనే తన వంతు వస్తుంది, సగం కదలిక ఖర్చు చేసి లేచి నిలబడతాడు, దాడి చేస్తాడు. పార్టీకి దక్కింది ఆ ఐదారు పాయింట్లు కాదు, ఒక పూర్తి వంతు. అదే వరుస ఓగర్, ఫైటర్, క్లెరిక్ అని ఉంటే, లేచిన ఫైటర్ తన వంతు రాకముందే మళ్లీ దెబ్బ తిని పడిపోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడు స్లాట్ వృథా. కాబట్టి పార్టీలో చూడవలసింది హీలర్ ఉన్నాడా అని కాదు, పడిపోయినవాడిని దూరం నుంచి లేపగలిగేవారు ఎందరు, వారే పడిపోతే లేపేదెవరు అని. నా మటుకు నేను అలాంటివారు ఇద్దరుండాలని కోరుకుంటాను. ఆ రెండవ వ్యక్తి చేతిలో మంత్రం లేకపోయినా, యాభై బంగారు నాణేల హీలింగ్ పోషన్ ఒకటి ఉన్నా చాలు, కాకపోతే దగ్గరికి వెళ్లి తాగించాలి.

ఇప్పుడు ఎంపిక. నేను క్లాస్ పేర్లు అసలు చూడను. మిగతా ముగ్గురి అత్యధిక ఎబిలిటీ స్కోరు (బలం, వివేకం వంటి లక్షణాల అంకెల్లో పెద్దది) ఏదో చూస్తాను. బార్డ్, సోర్సరర్ (పుట్టుకతో మంత్రశక్తి ఉన్నవాడు), వార్లాక్ (ఒప్పందంతో మంత్రశక్తి పొందినవాడు) ఉన్న పార్టీలో ముగ్గురిదీ కరిష్మానే, అంటే ఎదుటివారిని ఆకట్టుకునే శక్తే. మాటలతో నెగ్గుకురావడానికి ముగ్గురు పోటీ పడతారు, పొదల్లో పొంచి ఉన్న శత్రువును గమనించేవారు ఉండరు, ఎందుకంటే పర్సెప్షన్ (గమనించడం), ఇన్‌సైట్ (మనసు పసిగట్టడం), సర్వైవల్ (అడవిలో మనుగడ) అనే నైపుణ్యాలు మూడూ విజ్డమ్ మీద ఆధారపడతాయి. అక్కడ నాలుగవవాడిగా పాలడిన్ ముందు నిలబడగలడు గానీ, నాలుగవ కరిష్మా అవుతాడు. డ్రూయిడ్ గానీ, బరువైన కవచం వేసుకునే క్లెరిక్ గానీ మేలు. ఆ రెంటిలో నా మొగ్గు డ్రూయిడ్ వైపే. ముగ్గురూ ఆయుధాలతో ముందు నిలబడే బార్బేరియన్, ఫైటర్, పాలడిన్ ఉన్నచోట విజార్డ్ (చదువుతో మంత్రాలు నేర్చినవాడు) కావాలి, వాదన అక్కర్లేదు.

విశ్రాంతిని కూడా లెక్కలోకి తీసుకోండి. వార్లాక్, మంక్ (యుద్ధవిద్యలు నేర్చిన సన్యాసి) తమ శక్తిని గంట సేపటి చిన్న విశ్రాంతితో తిరిగి పొందుతారు. క్లెరిక్, పాలడిన్, సోర్సరర్ తమ స్పెల్ స్లాట్ల కోసం ఎనిమిది గంటల సుదీర్ఘ విశ్రాంతి దాకా ఆగాలి. మిగతా ముగ్గురూ రెండవ కోవకు చెందినవారైతే, ఏకైక వార్లాక్ తన రెండు స్లాట్లు వాడేశాక, ఆగుదామని బతిమాలుతూనే రోజంతా గడుపుతాడు. వార్లాక్ ఎంచుకునే ముందు మిగతావారితో ఈ సంగతి మాట్లాడుకోవాలి.

అభ్యాసం: రోగ్, మంక్, రేంజర్ ఉన్న మూడవ లెవెల్ పార్టీకి నాలుగవ పాత్రను ఎంచుకోండి. ఇద్దరు ఓగర్లతో మొదటి మూడు రౌండ్ల పోరాటాన్ని వంతు వంతుగా, పాచికలు వేసి, ఖర్చైన ప్రతి స్లాట్‌తో సహా రాయండి. తరువాత అదే పోరాటాన్ని, అవే పాచికల అంకెలతో, మీరు రెండవ ప్రాధాన్యమిచ్చిన క్లాస్‌తో మళ్లీ రాయండి. రెండు ప్రతుల్లో ఏ వంతు దగ్గర దారులు వేరయ్యాయో గీత గీసి పంపండి. క్లాస్ పేరు ఒక్కటే రాసిన జవాబులను ఈసారి దిద్దను.