సన్నటి చేతిరాత ఫాంట్: శీర్షిక చెడితే కారణం ఎక్కడ, సరిచేయడం ఎలా

సన్నగా, పొడుగ్గా ఉండే చేతిరాత ఫాంట్లు శీర్షికల కోసమే గీసినవి. తక్కువ వెడల్పులో పెద్ద అక్షరాలు పట్టించడం వీటి బలం. అందుకే పుస్తకాల అట్టలకు, పోస్టర్లకు, లేబుళ్లకు బాగా నప్పుతాయి. పేరాలకు మాత్రం పనికిరావు.

సమస్య: వెబ్‌పేజీలో శీర్షిక లావుగా, అలుక్కుపోయినట్టు ఉంది

కారణం: ఈ ఫాంట్లలో చాలావాటికి ఒకటే వెయిట్ (గీత మందం) ఉంటుంది. హెడ్డింగ్ ట్యాగులకు (పేజీ కోడ్‌లో శీర్షికను సూచించే గుర్తులకు) బ్రౌజర్ తనంతట తానే బోల్డ్ పెడుతుంది. ఫైల్లో బోల్డ్ లేకపోతే ఉన్న గీతనే ఉబ్బించి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. అసలే ఇరుకైన అక్షరాల లోపలి ఖాళీలు దాంతో పూడిపోతాయి.

పరిష్కారం: పేజీ సీఎస్ఎస్‌లో (రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) ఆ శీర్షికకు ఫాంట్-వెయిట్ 400, అంటే మామూలు మందం, ఇవ్వండి. వర్డ్‌లో బోల్డ్ బటన్ నొక్కినా జరిగేది ఇదే, కాబట్టి అక్కడా తీసేయండి. శీర్షిక ఇంకా ఎత్తుగా కనిపించాలంటే సైజు పెంచండి. వెడల్పు తక్కువ కాబట్టి చోటు ఎలాగూ మిగులుతుంది.

సమస్య: కలిసి ఉండాల్సిన అక్షరాలు విడిపోయాయి

కలిపిరాత ఫాంట్లో ఒక అక్షరం తోక సరిగ్గా పక్క అక్షరం మొదలును తాకేలా గీస్తారు. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) 1 పిక్సెల్ పెంచినా ఆ అతుకు ఊడిపోవచ్చు. పైగా స్పేసింగ్ సున్నా కానప్పుడు బ్రౌజర్లు మామూలు లిగేచర్లను (రెండు మూడు అక్షరాలను కలిపి గీసిన రూపాలను) కూడా ఆపేస్తాయి. స్పేసింగ్‌ను తిరిగి 0 చేయండి. ఒక్క జతే ఎడంగా ఉంటే ఆ రెండింటి మధ్య మాత్రమే కెర్నింగ్ (ఒక జత అక్షరాల మధ్య ఎడం) సర్దండి. ఇంగ్లిష్ శీర్షికను మొత్తం పెద్దక్షరాల్లో పెట్టినా ఇలాగే తెగుతుంది, ఎందుకంటే కలిపిరాత ఫాంట్లలో పెద్దక్షరాలు సాధారణంగా ఒకదానితో ఒకటి కలవవు.

సమస్య: చేతిరాతలా లేదు, రబ్బరు స్టాంపు కొట్టినట్టుంది

పక్కపక్కనే వచ్చిన ఒకే అక్షరం అచ్చం ఒకేలా ఉంటే కన్ను వెంటనే పట్టేస్తుంది. మంచి ఫాంట్లలో దీనికి మారు రూపాలుంటాయి. వర్డ్‌లో కంట్రోల్, డి కలిపి నొక్కి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్‌కు (పక్క అక్షరాలను బట్టి మారు రూపం వాడే సదుపాయానికి) టిక్ పెట్టండి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో అయితే దీనికి ఓపెన్‌టైప్ ప్యానెల్ చూడండి. ఫాంట్లో మారు రూపాలే లేకపోతే అక్షరాలను అవుట్‌లైన్లుగా (గీసిన బొమ్మ ఆకారాలుగా) మార్చి, రెండోదాన్ని ఒకట్రెండు డిగ్రీలు వంచితే సరిపోతుంది.

సమస్య: నిలువు గీతలు సన్నం, అడ్డగీతలు లావు

ఎవరో మామూలు ఫాంట్‌ను అడ్డంగా నొక్కారు. హారిజాంటల్ స్కేల్ (అక్షరాల వెడల్పు శాతం) తిరిగి 100 శాతం చేసి, ముందే సన్నగా గీసిన ఫాంట్ ఎంచుకోండి.

సమస్య: శీర్షికలో తెలుగు మాట వేరే ఫాంట్లో వస్తోంది

ఫాంట్లో తెలుగు అక్షరాలు (అన్ని భాషల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు) లేవు, అందుకే సిస్టమ్ మరో ఫాంట్ తెచ్చి అతికించింది. గీత మందం దగ్గరగా ఉన్న తెలుగు ఫాంట్‌ను మీరే జత చేయండి. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి లైన్ హైట్ (ఒక్కో లైను ఎత్తు, అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1.4 నుంచి మొదలుపెట్టి, పై లైను వత్తు కింది లైను గుడిని తాకకుండా ఉండేదాకా పెంచండి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోతుంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ కంపోజర్‌కు (భారతీయ లిపులను సరిగ్గా పేర్చే సదుపాయానికి) మారండి.